పీటర్ డింక్లేజ్ గురించి ఓ థ్రెడ్: టిరియన్‌ని కాసేపు పక్కన పెడితే

రీలు_మామ:
గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్ థ్రెడ్‌లో ఈయన గురించి ఎప్పుడు మొదలెట్టినా చివరికి డ్రాగన్ల మీదకీ ఆఖరి సీజన్ తిట్ల మీదకీ పోతోంది, అందుకే విడిగా పెడుతున్నా. డింక్లేజ్ అనే ఈ మరుగుజ్జు అమెరికన్ నటుడి పేరెత్తగానే మనవాళ్ళకి ఆ సీరియల్‌లో టిరియన్ లానిస్టర్, మార్వెల్ బ్యాచ్‌కి ఇన్ఫినిటీ వార్‌లో థోర్‌కి గొడ్డలి చేసిపెట్టిన ఈట్రి, అంతే. కానీ ఆయన పుట్టింది 1969లో, థ్రోన్స్ మొదటి ఎపిసోడ్ వచ్చింది 2011 ఏప్రిల్‌లో, అంటే అప్పటికే నలభై దాటేశాడు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఏం చేశాడన్నదే నాకు ఇంట్రెస్టు.

న్యూజెర్సీ మోరిస్‌టౌన్‌లో పుట్టి 1991లో బెన్నింగ్టన్ కాలేజీలో చదువు ముగించి న్యూయార్క్ వచ్చాడు. 2012లో అదే కాలేజీవాళ్ళు స్నాతకోత్సవానికి పిలిస్తే ఓ స్పీచ్ ఇచ్చాడు, తప్పకుండా వినండి, గొప్పలు చెప్పుకోడం ఉండదు. పియానోల షాపులో దుమ్ము దులిపాడట, ఒక షేక్‌స్పియర్ పండితుడి ఇంటి దగ్గర కలుపు పీకాడట, చివరికి పరీక్షలు నడిపే ఓ కంపెనీలో డేటా ఎంట్రీకి కుదిరి 23వ ఏట నుంచి 29 దాకా అక్కడే ఉండిపోయాడట. ఆ ఉద్యోగమంటే ఒళ్ళుమంట, వదిలేయాలంటే భయం. గురువారం రాత్రి తాగడం, శుక్రవారం ఒంట్లో బాలేదని ఫోన్ కొట్టడం. బ్రూక్లిన్ విలియమ్స్‌బర్గ్‌లో చలికాలం హీటింగ్ కూడా లేని గోడౌన్ లాంటి గది. 29 వచ్చాక ఇక ఈసారి దొరికే యాక్టింగ్ పని ఏదైనా, ఎంతిచ్చినా, అక్కణ్ణించి నేను నటుణ్ణే అని తెగించి మానేశాడు. ఇంపర్‌ఫెక్ట్ లవ్ అని ఒక నాటకం వచ్చింది, అదే రచయిత రాసిన థర్టీన్ మూన్స్ అనే సినిమా దాన్నుంచి వచ్చింది, అలా ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి.

మీరేం చూశారు ఆయనవి, చెప్పండి.

డ్రాగన్ దాసు:
మామా నువ్వు పక్కన పెట్టమన్నా నేను పెట్టలేను సారీ 😂 నాలుగో సీజన్ ఆరో ఎపిసోడ్, కోర్టు సీను. బోనులో నిలబెట్టి తండ్రే జడ్జి స్థానంలో కూర్చుంటే, రాజుని చంపినందుకు కాదు మరుగుజ్జుగా పుట్టినందుకే పుట్టిన దగ్గర్నుంచీ నా మీద విచారణ జరుగుతోంది అనే అర్థంలో మాట్లాడతాడు చూడు, అక్కడ గొంతు పెద్దగా లేపడు కూడా, కళ్ళతోనే ఊరందర్నీ కాల్చేస్తాడు. అంత చేస్తే 2014లో ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) రాలేదు, బ్రేకింగ్ బ్యాడ్‌లో జెస్సీ వేసిన ఆరన్ పాల్‌కి పోయింది. సరే వాడూ తక్కువేం కాదులే.

మొత్తానికి మాత్రం 2011, 2015, 2018, 2019, నాలుగు ఎమ్మీలు అదే పాత్రకి, డ్రామాలో సపోర్టింగ్ యాక్టర్‌గా అదే రికార్డు. ఎనిమిది సీజన్లకీ ప్రతిసారీ నామినేషన్. ఇంకోటి గమనించారా, మొదటి సీజన్ టైటిల్స్‌లో ముందు పేరు షాన్ బీన్‌ది, ఆయన పాత్ర తల పోయాక రెండో సీజన్ నుంచీ మొట్టమొదటి పేరు డింక్లేజ్‌దే.

సూర్యాపేట చిన్నోడు:
అన్నా అంత మాంసం తినుకుంట మందు తాగుకుంట కనవడ్తడు గదా సీరియల్ల, ఆయన అసల్ శాకాహారి అంట నిజమేనా

డ్రాగన్ దాసు:
నిజమే బ్రో, టీనేజీ నుంచీ. షూటింగ్‌లో ఆయన కొరికే మాంసం అంతా టోఫూయే, అదే సోయా పనీర్.

పద్మ_న్యూజెర్సీ:
మేముండేది మోరిస్‌టౌన్‌కి ముప్పావు గంట దూరం, అందుకని ది స్టేషన్ ఏజెంట్ (2003) అంటే నాకు కాస్త సొంతూరి అభిమానం, ఆ కథ జరిగేది న్యూజెర్సీలోనే న్యూఫౌండ్‌లాండ్ అనే చిన్న ఊళ్ళో. టామ్ మెకార్తీ మొదటి సినిమా అది. అంతకుముందు ఆయన నాటకం ఒకదాంట్లో డింక్లేజ్ చేశాడు, ఆ పరిచయంతో హీరో ఫిన్ పాత్ర ఈయన్ని దృష్టిలో పెట్టుకుని రాసుకున్నాడు. అయిదు లక్షల డాలర్లతో తీశారట, హాలీవుడ్ లెక్కన టీ ఖర్చు. సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రేక్షకుల అవార్డు కొట్టింది.

కథ ఏం లేదు. రైళ్ళంటే ప్రాణమైన ఒక మనిషికి ఓ పాడుబడ్డ రైల్వేస్టేషన్ వారసత్వంగా వస్తుంది, అక్కడికెళ్ళి ఒంటరిగా బతుకుదామనుకుంటాడు, జనం బతకనివ్వరు. అందులో బార్ సీను ఒకటుంది. అందరూ దొంగచూపులు చూస్తుంటే ఈయన తాగి తాగి చివరికి ఎత్తు మీదకెక్కి చేతులు చాపి ఇదుగో ఉన్నా, చూసుకోండి కరువుతీరా అన్నట్టు అరుస్తాడు. అరిచాక ఒక్క క్షణం ఎవరూ ఏం అనరు, ఆ క్షణంలో ఆయన మొహంలో కోపం పోయి సిగ్గు వస్తుంది, అది ఎట్లా చేశాడో నాకు ఇప్పటికీ తెలీదు, సినిమా అంతా మొహం బిగబట్టుకుని ఉన్న మనిషి కదా, అందుకని అక్కడ అలా జారిపోతే తట్టుకోలేం.

వంకర ప్రశ్న:
అందరూ తిట్టుకున్నా పర్లేదు అడిగేస్తున్నా. ఆయన మామూలు ఎత్తు ఉంటే ఇదే నటనకి ఇంత పేరొచ్చేదా? ఎమ్మీలిచ్చేవాళ్ళకి జాలి కూడా ఒక పాయింటే కదా. మంచి నటుడే, కాదనను, కానీ ప్రతి రివ్యూలో ముందు ఎత్తు, తర్వాతే నటన.

నాలుగడుగుల నాగు:
వంకర గారూ మంచి ప్రశ్నే. తిరగేసి అడగండి. మామూలు ఎత్తు ఉంటే డేటా ఎంట్రీలో ఆరేళ్ళు కూర్చునేవాడా?

నా యూజర్‌నేమ్ జోకు కాదు, నా ఎత్తే అది. నాకూ ఆయనకున్నదే ఉంది, ఎకాండ్రోప్లేజియా. జాలితో అవార్డులిచ్చే లోకమైతే ముందు జాలితో వేషాలిచ్చి ఉండాలి కదండీ, ఇచ్చేది దయ్యం పిల్లలు, శాంటాక్లాజ్ పక్కన టోపీ పెట్టుకుని నిలబడే ఎల్ఫులు, ఐరిష్ కథల్లో బంగారం కుండ పట్టుకు తిరిగే లెప్రకాన్‌లు. ఆయన ఇవేవీ చేయనని మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు, డబ్బుల్లేని రోజుల్లో కూడా.

ఆయన మొదటి సినిమా లివింగ్ ఇన్ ఒబ్లివియన్ (1995) చూడండి దొరికితే. ఓ చిన్న సినిమా షూటింగ్ ఎట్లా తగలడుతుందో చూపించే కామెడీ, స్టీవ్ బుషెమీ అందులో డైరెక్టరు. కలలో సీను తీస్తుంటారు. పెళ్ళిబట్టల్లో హీరోయిన్, ఆవిడ చుట్టూ సూటేసుకుని చేత్తో ఆపిల్ పట్టుకుని తిరిగే మరుగుజ్జు. ఆ మరుగుజ్జు డింక్లేజ్. తిరిగి తిరిగి ఒళ్ళుమండి డైరెక్టర్ని కడిగేస్తాడు, నీ కలలో ఎప్పుడన్నా మరుగుజ్జు వచ్చాడా, నాక్కూడా రాడు, ఇట్లాంటి పిచ్చి సినిమాల్లోనే వస్తాడు అని, విసురుగా వెళ్ళిపోతాడు. ఉన్నది కాసేపే. తెరమీదకి రావడమే ఆ మాటతో వచ్చాడు చూశారా, నేను అది చూసి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టా, ఇంట్లోవాళ్ళు కంగారుపడి వచ్చారు.

ఎక్స్‌రే అక్క:
నాగు గారు పేరెత్తారు కాబట్టి రెండు ముక్కలు, నేను ఎముకల వార్డులో పనిచేస్తా. ఎకాండ్రోప్లేజియాలో ఎఫ్‌జీఎఫ్ఆర్3 అనే జీన్‌లో ఒక చిన్న మార్పు. ఎముక మరీ పొడుగెదక్కుండా చూడ్డమే ఆ జీన్ పని, మార్పు వస్తే ఆ బ్రేకు నొక్కినట్టే ఉండిపోతుంది, మెత్తెముక గట్టి ఎముకగా మారి సాగాల్సిన చోట సాగదు. అందుకే ఛాతీ నడుము మామూలుగా ఉండి కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉంటాయి. తల్లి పాపం, గ్రహణం, మేనరికం, ఇవేవీ కావు. నూటికి దాదాపు 80 మంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు, డింక్లేజ్ ఇంట్లోనూ అమ్మా నాన్నా అన్నా అందరూ మామూలు ఎత్తే. ఆయన నాలుగడుగుల అయిదంగుళాలు.

మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మరుగుజ్జుతనం లిస్టులో ఉంది, పెద్దవాళ్ళలో 147 సెంటీమీటర్లు లేదా ఇంకా తక్కువ అని లెక్క. చాలామందికి ఇది తెలీక సర్టిఫికెట్‌కే వెళ్ళరు, అందుకే సందర్భం కాకపోయినా చెప్తున్నా.

రీలు_మామ:
అక్కా సందర్భమే, ఉండనీ.

వంకర తమ్ముడూ, రివ్యూల్లో ముందు ఎత్తు రాస్తారన్నది నిజమే. కానీ ఆ లెక్కన ఎక్స్-మెన్ డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్ (2014) చూడు. విలన్ బొలీవర్ ట్రాస్క్, సెంటినెల్ రోబోలు కనిపెట్టిన సైంటిస్టు. కామిక్స్‌లో వాడు మామూలు మనిషి, సినిమాలో ఒక్క డైలాగు కూడా ఎత్తు గురించి లేదు. సూటు, మీసం, కళ్ళజోడు, తెలివి, అంతే. నాకు తెలిసి పెద్ద స్టూడియో సినిమాలో అట్లా జరగడం చాలా అరుదు.

దానికి సరిగ్గా ఎదురు 2003లోనే వచ్చిన ఎల్ఫ్. అందులో మైల్స్ ఫించ్ అని పిల్లల పుస్తకాలు రాసే పొగరుబోతు రచయిత, విల్ ఫెరెల్ ఈయన్ని చూసి ఎల్ఫ్ అనుకుని ముద్దు చేస్తుంటాడు, ఇంకోసారి అన్నావంటే అని వార్నింగ్ ఇచ్చి, వాడు మళ్ళీ అనగానే మీటింగ్ టేబుల్ మీద పరిగెత్తుకొచ్చి మరీ తంతాడు. ఎల్ఫ్ వేషాలు వేయనన్న మనిషి ఎల్ఫ్ అనే సినిమాలో ఎల్ఫ్ అన్నవాణ్ణి తన్నే వేషం వేశాడు, ఇంతకన్నా ఏం కావాలి చెప్పు.

సూర్యాపేట చిన్నోడు:
మన దిక్కు పొట్టి వీరయ్య గారుండె గదా. మా సూర్యాపేట దిక్కే ఆయనది, ఫణిగిరి. విఠలాచార్య జానపదాలల్ల ఎన్ని సీన్లల్ల కనవడ్డడో, మా తాత తెర మీద ఆయన రాంగనే మా వీరయ్య అని ఒర్లేటోడంట. 2021 ఏప్రిల్‌ల పోయిండు. పేరు ముంగట పొట్టి అని పెట్టిన్రు జూడు, ఆఖరుకు పేపర్ల చావు వార్త గూడ గదే పేరుతోటి. ఆయనకు ఒక్క సీరియస్ వేషం ఇచ్చుంటే ఎట్లుంటుండెనో అనిపిస్తది నాకైతే.

పద్మ_న్యూజెర్సీ:
అవును చిన్నోడా. ఇంకోటి కూడా చూడు, విచిత్ర సోదరులు (1989) వచ్చినప్పుడు కమల్ మోకాళ్ళ మీద ఎట్లా నడిచాడా అని ఊరూవాడా అదే చర్చ. నిజంగా గొప్ప నటన, నేనూ ఏడ్చాను. కానీ మామూలు ఎత్తున్న హీరో పొట్టివాడిగా చేస్తే అది కళ, నిజంగా పొట్టిగా ఉన్న నటుడు చేస్తే కామెడీ ట్రాక్, ఇది ఒక్క మనకే కాదు. 2003లో టిప్‌టోస్ అని ఒక సినిమా వచ్చింది, అందులో మరుగుజ్జు పాత్ర గ్యారీ ఓల్డ్‌మన్‌కి ఇచ్చారు, ఆయన మోకాళ్ళ మీద నడిచాడు, అదే సినిమాలో పక్క వేషం డింక్లేజ్‌కి! పక్కనే అంత నటుణ్ణి పెట్టుకుని... నాకైతే నోట మాట రాలేదు.

మలయాళం వాళ్ళు నయం, 2005లోనే అద్భుత ద్వీపులో రెండున్నర అడుగుల అజయ్ కుమార్‌ని హీరోగా పెట్టారు, దాంతోనే గిన్నిస్ రికార్డు వచ్చి గిన్నిస్ పక్రు అయ్యాడు. తర్వాత డైరెక్షన్ కూడా చేశాడు.

డ్రాగన్ దాసు:
థ్రోన్స్‌కి ఎట్లా ఒప్పుకున్నాడో అది కూడా ఈ మాటకే సంబంధం. ఫాంటసీ అనగానే ఈయన మొదటి అనుమానం గడ్డం, ముక్కు తేలిన బూట్లు ఉంటాయా అని. అప్పటికే 2008లో నార్నియా ప్రిన్స్ కాస్పియన్‌లో ట్రంప్‌కిన్‌గా ఇంత పొడుగు గడ్డం పెట్టుకుని తిప్పలు పడ్డాడు. ఇది అట్లా కాదు, వీడు తెలివైనవాడు, తాగుబోతు, ఆడవాళ్ళతో పడుకుంటాడు, తప్పులు చేస్తాడు, మనిషి అని చెప్పాకే సరేనన్నాడు. పుస్తకంలో టిరియన్‌కి యుద్ధంలో ముక్కు తెగిపోతుంది, సీరియల్‌లో గాటుతో సరిపెట్టారు, అది మాత్రం సీరియల్ తీసిన హెచ్‌బీఓ ఛానల్ భయం 😄

ఈట్రి సంగతి కూడా చెప్పాలి, మరుగుజ్జుల జాతి రాజు కానీ థోర్ కంటే ఎన్నో రెట్లు ఎత్తుంటాడు. మేం తెలుగు డబ్బింగ్‌కి వెళ్ళాం, విలన్ థానోస్‌కి రానా గొంతు, హాలు హాలంతా రానా కోసం అరుపులు, ఈట్రి మొహం తెరనిండా వచ్చేసరికి మా వాడొకడు అరే టిరియన్ రా అని లేచాడు.

వంకర ప్రశ్న:
సరే ఒప్పుకుంటా నటుడు అని. ఇప్పుడు అసలు గొడవకి వద్దాం, స్నో వైట్. 2022 జనవరిలో మార్క్ మారన్ పాడ్‌కాస్ట్‌లో డిస్నీని ఏకిపారేశాడు, లాటినా అమ్మాయిని హీరోయిన్‌గా పెట్టి అంత ప్రగతి చూపించి మళ్ళీ గుహలో ఉండే ఏడుగురు మరుగుజ్జుల కథే తీస్తారా అని. డిస్నీ వెంటనే ఆ ఏడు పాత్రల్ని వేరేలా ఆలోచిస్తున్నాం, ఆ సమాజం వాళ్ళతో మాట్లాడుతున్నాం అని స్టేట్‌మెంట్ ఇచ్చింది. చివరికి 2025 మార్చిలో సినిమా వస్తే ఏడుగురూ కంప్యూటర్ బొమ్మలు! ఏడు మంచి వేషాలు, పెద్ద బ్యానరు, ఏడుగురు నటులకి జీవితాలు మారేవి. ఆ నటుల్లోనే కొందరు అప్పుడే తిట్టారు కదా, నువ్వు ఎక్కేశావు, మా నిచ్చెన ఎందుకు లాగేస్తున్నావని. నాలుగు ఎమ్మీలు ఇంట్లో పెట్టుకుని మర్యాద గురించి మాట్లాడ్డం తేలిక.

రీలు_మామ:
కంప్యూటర్ బొమ్మలు పెట్టమని ఆయన అడగలేదు కదా. స్టూడియో వాడు తప్పించుకోడానికి ఎంచుకున్న దారి అది. 2012లో స్నో వైట్ అండ్ ద హంట్స్‌మన్‌లో ఇయన్ మెక్‌షేన్, బాబ్ హాస్కిన్స్, నిక్ ఫ్రాస్ట్ లాంటి మామూలు ఎత్తు వాళ్ళని కంప్యూటర్లో కుదించి మరుగుజ్జులని చూపించారు, అప్పుడు డింక్లేజ్ ఏం అనలేదే, అయినా వేషాలు పోయాయి. వోంకా (2023)లో ఊంపా లూంపా, అంటే ఆ చాక్లెట్ కథలో ఉండే పొట్టి మనిషి, హ్యూ గ్రాంట్. 2005 చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీలో మన పంజాబీ మూలాలున్న దీప్ రాయ్ ఒక్కడే 165 మంది ఊంపా లూంపాలుగా కనబడ్డాడు, అంటే అక్కడ కూడా మిగతా 164 మందికి పని లేదు. ఈ జబ్బు డింక్లేజ్ నోరు తెరవకముందు నుంచీ ఉంది.

నాలుగడుగుల నాగు:
ఈ విషయంలో నేను పూర్తిగా ఏ పక్షమూ కాదు.

నాకు డిగ్రీ అయిన కొత్తలో ఒక ఈవెంట్ వాళ్ళు పిలిచారు. పెళ్ళి మండపం గుమ్మం దగ్గర జోకర్ డ్రెస్సేసుకుని వచ్చేవాళ్ళకి దండం పెట్టి పిల్లలకి చాక్లెట్లివ్వాలి. ఆ గౌను లాంటి చొక్కా, మెడ చుట్టూ కుచ్చుల కాలరు, ఎర్ర స్పాంజి ముక్కు, అవి పెట్టుకున్నాక చెమటకి రంగు కారి కళ్ళలోకి దిగుతుంది, తుడుచుకోడానికి లేదు ఎందుకంటే చేతికి తెల్ల గ్లౌజులు. మంచి డబ్బే ఇచ్చారు, అబద్ధమెందుకు. భోజనం మాత్రం జనం లేచాక తినమన్నారు. పెద్దవాళ్ళు కూడా ఎత్తుకుని ఫోటో దిగారు నన్ను, నేను 22 ఏళ్ళ మగాణ్ణండీ. మళ్ళీ పిలిచారు, మళ్ళీ వెళ్ళా. అప్పుడు ఇంట్లో వేరే దారి లేదు. గవర్నమెంటు ఉద్యోగం వచ్చాక ఫోన్ చేస్తే రానన్నా. కాబట్టి వద్దు అనడానికి నెలజీతం ఎంత అవసరమో నాకు బాగా తెలుసు. డింక్లేజ్‌కి కూడా ఆ డేటా ఎంట్రీ జీతం ఉండబట్టే కదా ఎల్ఫు వేషాలకి తల అడ్డంగా తిప్పగలిగింది, ఆ ఉద్యోగాన్ని ఆయన ఎంత తిట్టుకున్నా.

నాతోపాటు ఆ డ్రెస్సేసుకున్న అన్న ఇంకా అదే పని చేస్తున్నాడు, ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాడు. ఆయన దగ్గరికెళ్ళి ఇది అవమానం మానెయ్ అని నేను చెప్పలేను. అట్లా అని ఆ మండపం గుమ్మం దగ్గర నిలబడితే ఏమనిపిస్తుందో తెలిసి డింక్లేజ్ మాట తప్పనీ అనలేను.

ఎక్స్‌రే అక్క:
నాగు గారూ దీని మీద కోర్టు దాకా వెళ్ళిన కేసే ఉంది. ఫ్రాన్సులో బార్లలో మరుగుజ్జుల్ని పరుపుల మీదకి విసిరే ఆట ఒకటుండేది, ఒక ఊరి మేయర్ నిషేధిస్తే విసిరించుకునే మనిషే, మాన్యుయెల్ వాకెన్‌హైమ్, ఇది నా జీవనోపాధి, నా ఇష్టం అని కేసు వేశాడు. 1995లో అక్కడి పెద్ద కోర్టు మనిషి గౌరవం అనేది ఒక్కడి ఇష్టం మీద వదిలేసేది కాదంటూ నిషేధమే కరెక్టంది. ఆయన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా వెళ్ళాడు, 2002లో అక్కడా ఓడిపోయాడు. అమెరికా ఫ్లోరిడాలో అయితే 1989లోనే నిషేధం.

చదివినప్పుడల్లా ఆయన పక్షాన కాసేపు, తీర్పు పక్షాన కాసేపు ఉంటాను నేను. గౌరవం అన్నారు బానే ఉంది, తర్వాత ఆయనకి ఇంకో పని ఎవరిచ్చారు?

డ్రాగన్ దాసు:
ఆ విసిరే ఆట గురించే 2012 గోల్డెన్ గ్లోబ్ స్టేజి మీద మాట్లాడాడు కదా డింక్లేజ్! అవార్డు పుచ్చుకుని చివర్లో ఇంగ్లండ్‌లో ఒకాయన పేరు చెప్పి, వెతికి చదవండి అని దిగిపోయాడు. ఆయనా చిన్న నటుడే, తన పుట్టినరోజున పబ్బు బయట ఎవడో ఎత్తి విసిరేస్తే వెన్ను దెబ్బతింది. ఆ రాత్రంతా ఇంటర్నెట్‌లో జనం ఆ పేరే వెతికారు. అంత పెద్ద స్టేజి మీద ఆ టైము తనకోసం వాడుకోలేదు చూడండి.

పద్మ_న్యూజెర్సీ:
ఇంకో దారి కూడా ఉంది కదా, వార్విక్ డేవిస్‌ది. పదకొండేళ్ళకే ఎంపికయ్యాడు, 1983లో వచ్చిన రిటర్న్ ఆఫ్ ద జెడైలో వికెట్ అనే ఎలుగుబంటి పిల్లలాంటి వేషం, బొచ్చు లోపల మొహం కూడా కనబడదు. 1988లో విల్లోలో హీరో. హ్యారీ పాటర్‌లో ప్రొఫెసర్ ఫ్లిట్‌విక్, గ్రిప్‌హుక్. ఆయన ఫాంటసీ వేషాలు వద్దనలేదు, మాస్కులేసుకుని, రబ్బరు చెవులు పెట్టుకుని, అందులోనే పెద్దవాడయ్యాడు, పైగా 1995లో మామగారితో కలిసి పొట్టి నటుల కోసమే ఏజెన్సీ పెట్టి వందలమందికి పనులు ఇప్పించాడు. 2025లో బ్రిటన్ సినిమా అకాడమీ బాఫ్టా వాళ్ళు ఫెలోషిప్ ఇచ్చారు. ఆయన్ని తక్కువ చేయలేం కదా.

వంకర ప్రశ్న:
అదీ, నేను చెప్పేది అదే పద్మ గారూ. డేవిస్ పది మందికి తలుపు తీసి పట్టుకున్నాడు. డింక్లేజ్ ఒక్కడే లోపలికెళ్ళాడు.

నాలుగడుగుల నాగు:
అది మాత్రం ఒప్పుకోను. డేవిస్ మనలాంటి వాళ్ళకి పని చూపించాడు, నిజం. డింక్లేజ్ ఏం చూపించాడంటే మా అమ్మకి చూపించాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, సీరియల్ పక్కన కూర్చుని చూస్తూ ఈ అబ్బాయి మంత్రా రాజా అనడిగింది. మంత్రే అన్నా. నవ్వించేవాడా అని అడగలేదండీ, అది చాలు నాకు.

ఇంకా వెనక్కి చూడండి. మైకేల్ డన్‌కి షిప్ ఆఫ్ ఫూల్స్ (1965)కి ఆస్కార్ నామినేషన్, ముప్పై ఎనిమిదేళ్ళకే పోయాడు. ఎర్వే విల్లెషెజ్ 1974 బాండ్ సినిమాలో నిక్ నాక్, తర్వాత ఫాంటసీ ఐలాండ్‌లో టాటూ, అమెరికా మొత్తం ఆయన గొంతు అనుకరించేది, హీరోతో సమానంగా జీతం అడిగితే తీసేశారు, 1993లో ప్రాణం తీసుకున్నాడు. డింక్లేజ్ ఆయన మీద ఏళ్ళ తరబడి పట్టుబట్టి 2018లో మై డిన్నర్ విత్ ఎర్వే చేశాడు. చావుకి కొద్దిరోజుల ముందు ఆయన్ని ఇంటర్వ్యూ చేసిన జర్నలిస్టే దాని డైరెక్టరు. ముందు నడిచినవాడి కథని జోకు కాకుండా చెప్పడానికి తన పేరు వాడాడు, అదీ తలుపే కదా.

రీలు_మామ:
సిరానో గురించి ఎవరూ అనలేదేంటి. 2021, జో రైట్ డైరెక్షన్. అసలు నాటకంలో సిరానోకి ముక్కు పొడుగు, ప్రేమించిన అమ్మాయికి మొహం చూపించలేక ఇంకొకడికి ప్రేమలేఖలు రాసిపెడతాడు. డింక్లేజ్ భార్య ఎరికా ష్మిట్ దాన్ని మ్యూజికల్‌గా తిరగరాసి ముక్కు తీసేసింది, ఎవరూ ఎత్తు అనే మాట పెద్దగా ఎత్తకుండానే మనకి అర్థమవుతుంటుంది. ముందు స్టేజి మీద ఆడారు, తర్వాత కరోనా టైములో సిసిలీ వెళ్ళి తీశారు. ఆయన పాడటం మరీ గొప్పగా ఉండదు, లోగొంతుతో గరగరా పాడతాడు, ఆ పాత్రకి అదే సరిపోయింది. కత్తియుద్ధం కూడా ఉంది. ఆయనకి ఆస్కార్ నామినేషన్ ఇస్తారనుకున్నా, గోల్డెన్ గ్లోబ్ దాకా వచ్చి ఆగిపోయింది.

అన్నీ బాగున్నాయనను. డెస్టినీ అనే వీడియోగేమ్‌కి గొంతిచ్చాడు 2014లో, నిద్రలో చదివినట్టుంటుంది, మరుసటేడు తీసేసి నోలన్ నార్త్‌తో మళ్ళీ చెప్పించారు 😄 థ్రీ బిల్‌బోర్డ్స్‌లో కార్లమ్మే జేమ్స్ వేషం కూడా నాకు నచ్చలేదు, ఆ డిన్నర్ సీనులో ఒక్క మంచి క్షణం తప్ప మిగతాదంతా పక్కవాళ్ళు ఆట పట్టించడానికే రాశారు.

పద్మ_న్యూజెర్సీ:
కొత్తవి కూడా కలుపు మామా. 2023లో హంగర్ గేమ్స్ కొత్త భాగంలో హైబాటమ్ డీన్‌గా, వికెడ్‌లో మేక ప్రొఫెసర్‌కి గొంతు, 2025లో డెక్స్‌టర్ రిజరెక్షన్‌లో కోటీశ్వరుడు లియాన్ ప్రేటర్. సీరియల్ కిల్లర్లని డిన్నర్‌కి పిలిచే మనిషి, భలే చేశాడు. అదే ఎండాకాలం న్యూయార్క్ సెంట్రల్ పార్కులో డెలాకోర్ట్ ఆరుబయట థియేటర్ రిపేర్లయ్యాక మళ్ళీ తెరిచి షేక్‌స్పియర్ ట్వెల్త్ నైట్ ఆడారు, సాండ్రా ఓ, లుపిటా న్యాంగో, ఈయన మల్వోలియో. టికెట్టు ఫ్రీ, అందుకే క్యూ భయంకరం. మల్వోలియో అంటే దొంగ ప్రేమలేఖ నమ్మేసి పసుపుపచ్చ మేజోళ్ళు వేసుకుని యజమానురాలి ముందు వగలుపోయే నౌకరు, అందరూ నవ్వాల్సిన పాత్రే. జనం నవ్వేది వాడి అహంకారాన్ని చూసి, అంత తేడా ఉంది జోకరు వేషానికీ దానికీ.

సూర్యాపేట చిన్నోడు:
అక్కా మరి నా అసొంటోడు ఏడికెల్లి షురూ చెయ్యాలె, థ్రోన్స్ తప్ప ఏం చూడలే

నాలుగడుగుల నాగు:
స్టేషన్ ఏజెంట్, దాని తర్వాత డెత్ ఎట్ ఎ ఫ్యూనరల్ (2007, బ్రిటన్‌ది). అదే కథ 2010లో అమెరికాలో మళ్ళీ తీస్తే అదే వేషానికి మళ్ళీ ఈయన్నే పెట్టుకున్నారు, మిగతా అందర్నీ మార్చారు. చావింట్లోకి వచ్చి బెదిరించే మనిషి, నవ్వీ నవ్వీ కడుపు నొప్పి. సబ్‌టైటిల్స్ పెట్టుకో తమ్ముడూ.

సూర్యాపేట చిన్నోడు:
స్టేషన్ ఏజెంట్ చూసిన రాత్రి. మొదటి అరగంట ఎవ్వలు ఏం చెయ్యరేందన్నా, పట్టాల ఎంబడి నడుసుడే నడుసుడు, బంద్ చేద్దామనుకున్న. గా హాట్‌డాగ్ బండోడు మోపైనంక ఇగ ఆగలే, అచ్చం మా బావ లెక్కనే, రానంటే ఇడిసిపెట్టడు. కారామె రెండుసార్లు గుద్దబోతది జూడు, మొదటిసారి భయమైంది రెండోసారి నవ్వొచ్చింది. నాగన్నా, గా ఫ్యూనరల్ సినిమా రెండింట్ల ఏది ముందు పెట్టుకోవాలె, ఇంట్ల అమ్మ గూడ ఉంటది మరి, పక్కన కూసొని చూసేటట్టే ఉంటదా?

నాలుగడుగుల నాగు:
అమ్మతో వద్దు 😂 బాత్రూమ్ సీనుంది. అమ్మతో అయితే సిరానో పెట్టు.